ట్రాఫిక్‌లో ఎకో మోడ్ ఎందుకు?

ఎలక్ట్రిక్ బండి కొన్న ప్రతి ఒక్కరికీ తాళం చేతికి వచ్చేలోపే ఒక సలహా అందుతుంది. "సిటీలో ఎకో మోడ్‌లోనే నడపండి సార్, రోడ్డు ఖాళీగా దొరికితే అప్పుడు స్పోర్ట్‌లో పెట్టుకోండి." షోరూమ్‌లో ఇదే మాట. యూట్యూబ్‌లో బండ్ల గురించి చెప్పేవాళ్లదీ ఇదే మాట. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పక్క ప్లగ్గుకు ఛార్జింగ్ పెట్టుకునే పెద్దాయనదీ ఇదే మాట. వినగా వినగా ఇది సలహా స్థాయి దాటి నియమంగా స్థిరపడిపోయింది. ట్రాఫిక్‌లో ఎకో తీసి నడిపేవాణ్ని దుబారా మనిషిగానో దూకుడు మనిషిగానో చూసేదాకా వచ్చింది.

ఈ నియమం తలకిందులుగా ఉందని నా వాదన. ఎకో మోడ్ నిజంగా ఛార్జింగ్ మిగిల్చేది ఖాళీ రోడ్డు మీద. బస్సులు, ఆటోలు, సిగ్నళ్లు, యూ టర్న్‌ల మధ్య అది మిగిల్చేది అత్యల్పం. ఆ అత్యల్పం కోసం మనం వదులుకుంటున్నది, అవసరమైన క్షణంలో బండి మన మాట వినడం. లాభనష్టాలు రెండూ లెక్క చూస్తే ఈ బేరం మనకు గిట్టదు.

ముందు ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో చూడాలి. మన ఇళ్లలో బండి గురించి అడిగే మొదటి ప్రశ్న "మైలేజీ ఎంత ఇస్తుంది?" చాలా ఏళ్లు మన బండ్ల స్పీడోమీటర్ల మీద 40కీ 60కీ మధ్య పచ్చరంగు పట్టీ ఉండేది, ముల్లు ఆ పట్టీలో ఉంటే పెట్రోలు ఆదా అని అర్థం. "రేజ్ తగ్గించి నడుపు, తక్కువ తాగుతుంది" అని తండ్రులు కొడుకులకు, మేనమామలు మేనల్లుళ్లకు చెప్పుకుంటూ వచ్చారు. పెట్రోలు బండి విషయంలో అది చాలావరకు నిజం. సిగ్నల్ దగ్గర ఆగినా ఇంజన్ తాగుతూనే ఉంటుంది. ఒక్కసారిగా రేజ్ ఇస్తే మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. బ్రేకు వేస్తే అప్పటిదాకా కాల్చినదంతా వేడిగా పోతుంది, చుక్క కూడా ట్యాంకులోకి తిరిగి రాదు.

ఎలక్ట్రిక్ మోటారు సంగతి వేరు. చక్రం ఆగితే మోటారు తీసుకునే కరెంటు కూడా ఆగిపోతుంది. బండి నెమ్మదించేటప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. దాన్నే రీజెన్ అంటున్నాం. తక్కువ వేగంలో మొదలుపెట్టినా, గట్టిగా లాగినా పెట్రోలు ఇంజన్ అంత దారుణంగా దాని సామర్థ్యం పడిపోదు. యంత్రం మారింది, సలహా మాత్రం పాతదే మిగిలింది.

మోడ్ మార్చినప్పుడు బండిలో జరిగేదేమిటి? పేర్లు కంపెనీకొకటి. టీవీఎస్ ఐక్యూబ్‌లో ఎకో, పవర్ అని రెండు. ఏథర్ 450ఎక్స్‌లో ఎకో, రైడ్, స్పోర్ట్, వార్ప్. ఓలా ఎస్1 ప్రోలో ఎకో, నార్మల్, స్పోర్ట్, హైపర్. అల్ట్రావయొలెట్ ఎఫ్77 మోటార్‌సైకిల్‌లో గ్లైడ్, కంబాట్, బాలిస్టిక్. పేరేదైనా పొదుపు మోడ్‌లో కంట్రోలర్ చేసేవి ముఖ్యంగా రెండు పనులు. ఒకటి, వేగానికి పైన హద్దు పెట్టడం. చాలా బండ్లలో ఇది 40-45 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. రెండు, మోటారుకు వెళ్లే కరెంటును తగ్గించి, యాక్సిలరేటర్ తిప్పినా బండి మెల్లగా అందుకునేలా చేయడం, అంటే పికప్ తగ్గించడం. ఈ రెండింటినీ కలిపి ఒకే బటన్ కింద పెట్టడం వల్లే గందరగోళమంతా మొదలైంది. ఛార్జింగ్‌ను మిగిల్చేది మొదటిది. మనల్ని ఇబ్బంది పెట్టేది రెండోది.

వేగపు హద్దు ఎంత మిగులుస్తుందో రివోల్ట్ ఆర్వీ400 అంకెల్లో కనిపిస్తుంది. 2019లో వచ్చిన ఈ మోటార్‌సైకిల్ బ్యాటరీ 3.24 కిలోవాట్ అవర్లు. కంపెనీ చెప్పిన ప్రకారం ఎకోలో 45 కిలోమీటర్ల వేగం దాటదు, 150 కిలోమీటర్లు నడుస్తుంది. నార్మల్‌లో 65 వేగం, 100 కిలోమీటర్లు. స్పోర్ట్‌లో 85 వేగం, 80 కిలోమీటర్లు. చదివినవాళ్లు "చూశారా, ఎకోలో దాదాపు రెట్టింపు" అంటారు. ఆ పక్కనే ఉన్న వేగాల వరుసను మాత్రం చదవరు. గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు. బండీ మనిషీ కలిపి 190 కిలోలు అనుకుని, నిటారుగా కూర్చున్న మనిషికి గాలి ఎంత అడ్డుపడుతుందో మామూలు విలువలతో లెక్క వేస్తే, నిలకడగా 45 మీద వెళ్లేటప్పుడు కిలోమీటరుకు సుమారు 21 వాట్ అవర్లు చాలు. 65 మీద 37 దాకా కావాలి. 85 మీద 58. అంటే ఎకో మిగిల్చినదంతా వేగం తగ్గడం వల్ల మిగిలింది. అదే బండిని స్పోర్ట్‌లో పెట్టి 45 దాటకుండా నడిపినా దాదాపు అంతే దూరం వెళ్తుంది.

ఇప్పుడు ఆ హద్దును ట్రాఫిక్‌లోకి తెచ్చి చూడండి. ఉదయం తొమ్మిదింటికి కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా వచ్చే మనిషికి 45 దాటే అవకాశం ఎన్నిసార్లు దొరుకుతుంది? సాయంత్రం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర? విశాఖలో మద్దిలపాలెం కూడలి దగ్గర? ముందున్న బస్సే అక్కడ వేగపు హద్దు. రేంజ్ ప్రకటనల్లో ఐడీసీ అని కనిపించే అంకె వెనుక ఉన్న ఇండియన్ డ్రైవింగ్ సైకిల్‌ను మన నగరాల నడకకు నమూనాగానే తయారు చేశారు. అందులో గరిష్ఠ వేగం 42 కిలోమీటర్లు, సగటు 22కు కొంచెం తక్కువ. నగరం నడిచే వేగమే అది అయినప్పుడు 45 దగ్గర హద్దు పెట్టే మోడ్ అదనంగా ఆపేదేముంటుంది?

అయితే పికప్ తగ్గించడం వల్ల మిగలదా? మిగులుతుంది. ఎంతో చూద్దాం. మేడ మీదికి నీళ్ల బిందె మోయాలి. నిదానంగా ఎక్కినా చకచకా ఎక్కినా బిందె చేరిన ఎత్తు ఒకటే, బిందె కోసం పెట్టిన పనీ ఒకటే. బండిని సున్నా నుంచి 40 కిలోమీటర్ల వేగానికి తేవడమూ అంతే. 190 కిలోలకు అందుకు కావలసింది సుమారు 3.3 వాట్ అవర్లు, నాలుగు సెకన్లలో తెచ్చినా ఎనిమిది సెకన్లలో తెచ్చినా. తేడా వచ్చేది మోటారు, కంట్రోలర్ తీగల్లో వేడిగా పోయేదాంట్లో మాత్రమే. గట్టిగా లాగినప్పుడు అవి 80 శాతం సామర్థ్యంతోనూ, మెల్లగా లాగినప్పుడు 90 శాతంతోనూ పనిచేస్తాయనుకుందాం. ఈ తేడా ఎకోకు అనుకూలంగా ఉదారంగానే వేశాను. అప్పుడు ఒక్కో ఆరంభానికి తేడా 0.45 వాట్ అవర్. కిలోమీటరుకు మూడుసార్లు ఆగి బయల్దేరే రోడ్డు మీద 1.35 వాట్ అవర్లు. మామూలు బండి కిలోమీటరుకు 30 వాట్ అవర్ల వరకు తీసుకుంటుంది. ఎకో పికప్ మిగిల్చింది అందులో ఐదు శాతానికి లోపే.

ఇప్పుడు ఇంకోవైపు చూడండి. 40 మీద వెళ్తూ రెడ్ సిగ్నల్ దాకా యాక్సిలరేటర్ వదలకుండా వచ్చి బ్రేకు నొక్కితే ఆ 3.3 వాట్ అవర్లూ దాదాపుగా బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడిగా పోతాయి. ఒక్క అనవసరపు బ్రేకు ఏడు మెల్లని ఆరంభాల పొదుపును మింగేస్తుంది. వంద మీటర్ల ముందు ఎర్ర దీపం కనబడగానే చేయి వదిలేస్తే బండి తన వేగంతోనే సాగుతుంది, రీజెన్ కొంత తిరిగి తెస్తుంది, బ్రేకుకు మిగిలేది చివరి కొసరు. ఈ పనికి ఏ మోడ్ అయినా ఒకటే.

నిజానికి ఎకో ఈ అలవాటును పాడుచేస్తుంది. రోడ్డు మీద ఎకో బండ్లను గమనించండి. పికప్ మందంగా ఉంటుంది కాబట్టి నడిపేవాళ్లు యాక్సిలరేటర్‌ను చివరిదాకా తిప్పి పట్టుకుంటారు. బండి ఎలాగూ మెల్లగానే పోతుందన్న ధీమాతో ముందున్న వాహనం బ్రేక్ లైటు వెలిగేదాకా అలాగే పట్టుకుంటారు, తర్వాత బ్రేకు నొక్కుతారు. చేయి ఉన్నదల్లా రెండే స్థానాల్లో, పూర్తిగా తిప్పి లేదా పూర్తిగా వదిలి. పొదుపు నేర్చుకోవలసిన మణికట్టుకు నేర్చుకునే అవకాశమే లేకుండా పోతుంది.

ప్రత్యర్థుల వాదనలో బలమైన ముక్క ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. రెండు సిగ్నళ్ల మధ్య కాస్త ఖాళీ దొరికితే ఎకో లేనివాడు 60 దాకా లాగిస్తాడు, ఎకోలో ఉన్నవాడు 40 దగ్గరే ఆగిపోతాడు. 60 దగ్గర బండిలో ఉండే చలనశక్తి 7.3 వాట్ అవర్లు, 40 దగ్గర 3.3, తర్వాతి సిగ్నల్‌లో పోయేది రెట్టింపు కంటే ఎక్కువ. లెక్క సరైనదే. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఇది వేగాన్ని గురించిన వాదన, పికప్‌ను గురించినది కాదు. మూడు వందల మీటర్ల అవతల ఎర్ర దీపం కనబడుతుండగా 60కి లాగించేవాడికి కావలసింది ఆ దీపాన్ని చూసే అలవాటు. అది ఉన్నవాడికి మోడ్ అక్కర్లేదు. లేనివాడు ఎకోలోనూ 40 మీద దీపం దాకా వెళ్లి బ్రేకే వేస్తాడు.

ఇక బంపర్‌కు బంపర్ తగిలే జామ్ గురించి. అక్కడ ఎకో వల్ల ఎక్కువ లాభమని చాలామంది నమ్ముతారు. సగటున గంటకు పది కిలోమీటర్లు నడిచే జామ్‌లో గాలి నిరోధం లెక్కలోకే రాదు. 2017 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ద్విచక్ర వాహనాల హెడ్‌లైటు బండి ఆన్‌లో ఉన్నంతసేపూ వెలుగుతూనే ఉండాలి. లైటు, తెర, కంట్రోలర్ అన్నీ కలిపి 40 వాట్లు తీసుకుంటే, ఆ వేగంలో కిలోమీటరుకు 4 వాట్ అవర్లు వాటికే పోతాయి. పికప్ తగ్గించి మిగిల్చినదానికి ఇది మూడు రెట్లు. ఏ మోడ్ కూడా దీన్ని ముట్టుకోదు.

ఈ ఐదు శాతాన్ని రూపాయల్లోకి మార్చి చూద్దాం. రోజుకు 25 కిలోమీటర్లు, నెలకు 26 పనిదినాలు. కిలోమీటరుకు 30 వాట్ అవర్ల చొప్పున రోజుకు 750, అందులో ఐదు శాతం 37. నెల మొత్తానికి ఒక యూనిట్. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే నెలకు ఎనిమిది రూపాయలు. ఛార్జర్‌లో పోయే నష్టం కలిపినా పది దాటదు. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే స్కూటర్ కిలోమీటరుకు 180 వాట్ అవర్ల దాకా కాలుస్తుంది. దాన్ని వదిలి ఎలక్ట్రిక్‌కు మారిన రోజునే మనం ఆరింట అయిదు వంతులు మిగిల్చేశాం. దేశానికీ, ఇంటికీ, గాలికీ చేయగల పెద్ద మేలు అక్కడే జరిగిపోయింది. మిగిలిన ఒక్క యూనిట్ కోసం రోజూ రోడ్డు మీద బలహీనమైన బండితో తిరగమని జనానికి చెప్పడం నాకు బాధ కలిగిస్తుంది.

"కానీ నా బండి తెర మీద ఎకోలో పెట్టగానే రేంజ్ పెరుగుతుందిగా" అంటారు. అవును, పెరుగుతుంది, ఇంట్లో స్టాండు మీద నిలబెట్టి మోడ్ మార్చినా పెరుగుతుంది. ఒక్క మీటరు కూడా కదలకుండా బ్యాటరీలోకి కరెంటు రాలేదు కదా. బ్యాటరీలో ఉన్న శక్తిని, ఆ మోడ్‌లో కిలోమీటరుకు ఇంత ఖర్చవుతుందన్న అంచనాతో భాగించి తెర ఆ అంకె చూపిస్తుంది. అంచనాలో ఎక్కువ భాగం వేగపు హద్దుదే. మీరు వెళ్లే దారిలో ఆ హద్దు తగిలే సందర్భమే లేకపోతే ఆ పెరిగిన కిలోమీటర్లు తెర మీదే ఉంటాయి. చూడవలసింది ప్రయాణం అయ్యాక కిలోమీటరుకు ఎన్ని వాట్ అవర్లు ఖర్చయిందన్న అంకె. చాలా బండ్లలో, వాటి యాప్‌లలో అది దొరుకుతుంది, దాన్ని తెరిచి చూసేవాళ్లే తక్కువ.

ఎకోలో నడిపితే బ్యాటరీ ఎక్కువకాలం మన్నుతుందన్నది రెండో నమ్మకం. 3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ నుంచి 5 కిలోవాట్లు నాలుగైదు సెకన్లు లాగితే సెల్స్‌కు అది పెద్ద భారం కాదు. ఆ మాత్రం లాగుతామని తెలిసే వాటిని పేర్చారు, హద్దు దాటకుండా బ్యాటరీని పర్యవేక్షించే బీఎంఎస్ కాపలా కాస్తుంది. ట్రాఫిక్‌లో సగటున తీసేది ఒక కిలోవాట్‌కు కూడా తక్కువే. మన ప్రాంతంలో బ్యాటరీకి అసలు శత్రువు ఎండ. రామగుండంలో, రెంటచింతలలో వేసవి 45 డిగ్రీలు తాకుతుంది. ఆఫీసు బయట నీడ లేని చోట పగలంతా నిలబెట్టడం, అలా కాగిన బండిని ఇంటికి తెచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టడం, వంద శాతం నింపి రోజుల తరబడి కదపకుండా ఉంచడం. సెల్స్ వయసు తగ్గించేవి ఇవి. బ్యాటరీ మీద ప్రేమ ఉన్నవాళ్లు బండిని చెట్టునీడకు జరపాలి, ప్లగ్గు పెట్టేముందు అరగంట ఆగాలి.

ఇంతవరకూ ఎకో ఇవ్వనిది చెప్పాను. అది తీసుకునేది ఇంకా ముఖ్యం.

హైదరాబాద్‌లో చాలా కూడళ్ల దగ్గర సిగ్నళ్లు తీసేసి యూ టర్న్‌లు పెట్టారు. ఈ యూ టర్న్ మనల్ని వదిలేది ఎక్కడ? డివైడర్ పక్కన, అంటే రోడ్డు మొత్తంలో అందరికంటే వేగంగా వచ్చే వరుసలో. అది కూడా దాదాపు సున్నా వేగం నుంచి. వెనకనుంచి కారు 50 మీద వస్తోందనుకుందాం. బండి నాలుగు సెకన్లలో 40 అందుకుంటే, ఆలోపు కారు మనకు 33 మీటర్లు దగ్గరవుతుంది. ఎనిమిది సెకన్లు పడితే 67 మీటర్లు దగ్గరవుతుంది. మొదటి బండికి 33 మీటర్ల పైన కాస్త ఖాళీ దొరికితే చాలు. రెండోదానికి 67 మీటర్ల పైన కావాలి. మన రోడ్ల మీద ఏడు పదుల మీటర్ల ఖాళీ ఎవరు వదులుతారు? కాబట్టి ఎకోలో ఉన్న మనిషి వంతు వచ్చేదాకా నిలబడిపోతాడు, వెనక హారన్ల మోత పెరుగుతుంది, చివరికి తెగించి చాలని ఖాళీలోనే దూరుతాడు. ఆ దూరడం రోజూ చూస్తున్నాం. బండిని నిదానం చేస్తే మనిషి కూడా నిదానిస్తాడన్న ఊహ మన రోడ్డు మీద నిలవదు.

ఓవర్‌టేక్ చూడండి. బస్సు 30 మీద వెళ్తోంది. పొడవు 12 మీటర్లు. ముందూ వెనకా వదలవలసిన జాగా కలిపితే 30 మీటర్లు దాటాలి. 40 దగ్గర హద్దు పడిన బండి గంటకు 10 కిలోమీటర్ల తేడాతో దాటుతుంది: దాదాపు 11 సెకన్లు, ఆలోపు 120 మీటర్ల రోడ్డు. 50 మీద వెళ్లే బండికి ఐదున్నర సెకన్లు, 75 మీటర్లు. పురపాలక ప్రాంతాల్లో మోటార్‌సైకిళ్లకు కేంద్రం 2018లో ప్రకటించిన గరిష్ఠ పరిమితి 60. రాష్ట్రాలు అంతకంటే తగ్గించుకోవచ్చు. కాబట్టి 50 అన్నది నేను చెబుతున్న దూకుడు వేగమేమీ కాదు. బస్సు పక్కన, డ్రైవరుకు అద్దంలో కనబడని చోట, పదకొండు సెకన్లు ఉండటానికీ ఐదున్నర సెకన్లు ఉండటానికీ ఉన్న తేడా ఇది. బస్టాపు కనబడి డ్రైవరు ఎడమకు కోసినా, గుంత తప్పించబోయి కుడికి జరిగినా నలిగేది మనమే.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఈ కష్టం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వెనక భార్యో స్నేహితుడో కూర్చున్నారు, మొత్తం 260 కిలోలు. ప్రతి 30 మీటర్లకు ఒక మీటరు లేచే వాలు మీద 40 నిలబెట్టుకోవాలంటే చక్రం దగ్గరే 1.8 కిలోవాట్లు కావాలి. ఎకోలో కరెంటుకు పెట్టిన హద్దు దానికంటే కిందే ఉన్న బండి నడి వాలులో 30కి, ఇంకా కిందికి జారిపోతుంది. పక్కకు తప్పుకునే జాగా లేని చోట, వెనక వాహనాలు ఊపు మీద వస్తుండగా. ఆరు మీటర్ల ఎత్తుకు ఆ బరువును చేర్చడానికి పట్టే శక్తి ఏ మోడ్‌లోనైనా నాలుగు వాట్ అవర్లకు పైచిలుకే. మెల్లగా ఎక్కినందుకు ఆ శక్తిలో మిగిలేది ఏమీ లేదు.

"అవసరమైనప్పుడు బటన్ నొక్కి మోడ్ మార్చుకోవచ్చు కదా" అని జవాబు వస్తుంది. ప్రమాదం ఒక్క సెకనులో ముంచుకొస్తుంది. ఆ సెకనులో బొటనవేలు బటన్ వెతకాలి, కన్ను తెర మీదికి పోవాలి. కొన్ని బండ్లు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే తప్ప మోడ్ మార్చవు కూడా. లాగవలసిన క్షణంలో వదలమనడం ఎంత విపరీతమో నడిపేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

వేగమే చంపుతుందన్న వాదనకు కూడా జవాబు చెప్పాలి, ఎందుకంటే అది నిజం. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. మరణాల్లో 71 శాతం అతివేగం ఖాతాలో రాశారు. ఈ అంకెలు చదివి ఎవరూ వేగాన్ని వెనకేసుకు రాలేరు, నేనూ రాను. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది: మొత్తం ప్రమాదాల్లో ఐదింట ఒకటి వెనకనుంచి గుద్దినవి. గుంపు నడకలో కలవలేని బండి కూడా ప్రమాదంలో ఉన్న బండే. ఎక్కువ వేగం వద్దు అనడం, వేగం అందుకోవడమే చేతకాకుండా చేయడం వేర్వేరు. మొదటిది కావాలి. రెండోదాన్ని మొదటిదాని పేరుతో అమ్మడాన్నే నేను ఖండిస్తున్నాను.

స్పోర్ట్, హైపర్, వార్ప్ లాంటివాటిని ట్రాఫిక్‌లో వాడమనడం లేదు. పది కిలోమీటర్ల వేగంలో కాస్త తిప్పగానే ముందుకు దూకే బండి, ముందు ఆటో వెనక స్కూల్ వ్యాన్ ఉన్నప్పుడు ప్రమాదకరమే. మధ్య మోడ్ అన్నది ఉంది: రైడ్, నార్మల్, సిటీ. పొదుపుకూ దూకుడుకూ మధ్య ఉండటం వల్ల దాని గురించి ఎవరూ మాట్లాడరు, ప్రకటనల్లో దానికి చోటుండదు. నగరానికి సరిపోయేది అదే. రెండే మోడ్‌లు ఉన్న బండి అయితే రెండోదాన్నే మెత్తని చేత్తో నడపాలి.

ఎకోకు తగిన చోట్లున్నాయి. మొదటిసారి బండి నేర్చుకునేవాళ్లకు తొలి రోజుల్లో, వానకు తడిసిన తెల్లగీతల మీద, ఛార్జింగ్ పది శాతానికి పడి ఇంటికి ఇంకా దూరం ఉన్నప్పుడు. అన్నిటికంటే ముఖ్యంగా, ఊరు దాటి సర్వీసు రోడ్ల మీద, పల్లెల మధ్య ఖాళీ దారుల్లో నిలకడగా సాగేటప్పుడు. అక్కడ 65 బదులు 45 మీద వెళ్తే మూడింట ఒక వంతుకు పైగా మిగులుతుంది. షోరూమ్ సలహా సరిగ్గా అక్కడే స్పోర్ట్‌లో పెట్టుకోమంటుంది.

డెలివరీ చేసే కుర్రాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. రోజుకు వంద కిలోమీటర్లు దాటి తిరిగేవాళ్లకు రేంజ్ అంటే కూలి. నడి మధ్యాహ్నం బ్యాటరీ అయిపోతే ఆ పూట ఆర్డర్లు పోయినట్టే. వాళ్లు ప్రతి వాట్ అవర్‌నూ లెక్కపెట్టుకోవడంలో తప్పేమీ లేదు, వాళ్లకు నీతులు చెప్పే హక్కు నాకు లేదు. కానీ వాళ్లను కూడా పక్కదారి పట్టిస్తున్నది ఈ సలహానే. వాళ్లకు నిజంగా మిగిల్చేవి ఖాళీ ఫ్లైఓవర్ల మీద వేగం 45 దాటకపోవడం, ముందుగా చేయి వదలడం, టైర్లలో గాలి తగ్గకుండా చూసుకోవడం. మెత్తబడిన టైరు ప్రతి మీటరుకూ పన్ను వసూలు చేస్తుంది, ట్రాఫిక్‌లోనూ, ఖాళీ రోడ్డులోనూ.

బండ్లు తయారు చేసేవాళ్లను కోరేది ఇదీ. వేగపు హద్దునూ పికప్‌నూ విడదీయండి. 45 దాటనివ్వని, కానీ ఆ 45 దాకా పూర్తి బలంతో లాగే మోడ్ ఒకటి ఇవ్వండి; ఇది సాఫ్ట్‌వేర్‌లో మార్చగలిగే పని, కొత్త పరికరమేదీ అక్కర్లేదు. బ్రోచర్‌లో రేంజ్‌ను మోడ్‌ల వారీగా కాకుండా 30, 45, 60 వేగాల వారీగా అచ్చు వేయండి. ప్రయాణం ముగియగానే కిలోమీటరుకు ఎంత ఖర్చయిందో తెర మీద పెద్ద అక్షరాల్లో చూపించండి. షోరూమ్‌లో బండి అప్పజెప్పే పిల్లలకు సరైన మాట నేర్పండి.

నడిపేవాళ్లకు ఒక్క మనవి. ఒక వారం రోజువారీ దారిలో ఎకోలో నడిపి, ఇంకో వారం మధ్య మోడ్‌లో, ముందరి బ్రేక్ లైట్లు చూస్తూ చేయి ముందుగా వదిలి నడపండి. రెండు వారాల వాట్ అవర్లనూ కాగితం మీద పక్కపక్కన రాసి చూసుకోండి. యూ టర్న్ దగ్గర, బస్సు పక్కన, ఫ్లైఓవర్ వాలు మీద బండి ఎలా అందుకుందో కూడా ఆ కాగితం మీదే రాయండి. ఆ తర్వాత ఎకోను ఊరి బయటి రోడ్డుకు ఉంచుకోండి.